నత్తి గాడిద గొంతు

పిన్నీ,

నువ్వు కులాసా అనుకుంటాను. ఆదివారం టీవీ వాళ్ళు చేసే సన్మానానికి రానన్నావట. "బొమ్మ గాడిదకి గొంతిచ్చినందుకు సన్మానమా?" అని నవ్వేశావట.

నిన్న స్టూడియోకి వెళ్ళి ఆ పాత పిల్లల కార్యక్రమం టేపులు చూశాను. గాడిద చెవి ఊడిపడితే నువ్వు అప్పటికప్పుడు అల్లిన మాటలకి ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అక్కడ రికార్డింగ్ చేసే పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. మొదట్లో గాడిద గడగడా మాట్లాడేదట. ఏడో వారం నువ్వు దానికి నత్తి పెట్టావట. డైరెక్టర్ మండిపడి, "గాడిదకి నత్తేంటమ్మా? మానకపోతే ఇంకొకరిని పెట్టుకుంటా" అన్నాడట. నువ్వు మాత్రం, "మా అక్క కొడుకు చూస్తుంటాడండీ" అని ఊరుకున్నావట.

నాకిన్నాళ్ళూ తెలీదు పిన్నీ. అప్పటిదాకా బడిలో నేను నోరు తెరిస్తే వెక్కిరించినవాళ్ళే, ఆ తర్వాత "గాడిదలా మాట్లాడరా" అంటూ నా పక్కన కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళు. ఆ ధైర్యంతోనే ఇవాళ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను.

ఆదివారం నీ గురించి మాట్లాడమని నన్నడిగారు. ఒప్పుకున్నాను. అంతమంది ముందు మైకు పట్టుకుంటే నాకు నత్తి తప్పకుండా వస్తుంది. రానీ. నువ్వు ముందు వరుసలో కూర్చుని వింటే చాలు.

నీ అబ్బాయి