హెల్మెట్ మీద పడిన సుత్తి

తమ్ముడూ, నీ కూతురి హెల్మెట్‌ను పగలగొట్టింది ఎవరో తెలుసా? నేనే. ఈ ఉదయం, సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మన ఫ్లాట్‌లోనే, సుత్తితో.

మలేషియా జొహోర్‌లోని ఆ మట్టి ట్రాక్ మీద బైక్ తిరగబడి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం అదే ట్రాక్ మీద రూతుకు మొదటి పందెం. ప్రతి పందేనికి ముందు నువ్వు నా దగ్గరికి తెచ్చినట్టే, చెయ్యి పెట్టి ప్రార్థన చేయమని హెల్మెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బైబిల్లో వెర్రిగా రథం తోలే యెహూ అని నిన్ను పిలిచి, కంచె పట్టుకుని, నోట్లో మట్టి పడుతున్నా గొంతు చించుకున్నవాణ్ణి నేనే కదా. అయినా ఆ హెల్మెట్ చూడగానే నీ రక్తమే కనిపించింది. మూడు దెబ్బలకు పెంకు చీలింది. నాలుగో దెబ్బకు నేల మీది టైలు పగిలింది. పేతురు ఒకడి చెవి నరికి, ప్రభువు మాటతో ఆగాడు. మీ వదిన అడ్డుపడినా నా చెయ్యి ఆగలేదు.

రూతు ఏడవలేదు. "హెల్మెట్ ఎవరిదైనా అరువు తెచ్చుకుంటా, పెదనాన్నా. ప్రార్థన ఎవరి దగ్గర తెచ్చుకోను?" అని వెళ్ళిపోయింది.

అరువు హెల్మెట్ తలకు సరిగా పట్టదని నీకు తెలుసు.

ఇది రాస్తుంటే మీ వదిన నా చేతిలో పెన్ను లాగుతోంది. "పోయినవాడికి రేపు రాసుకోండి. బతికున్న పిల్ల బైక్ ఎక్కేలోపు కొత్త హెల్మెట్ కొని తీసుకెళ్ళండి. ఇప్పుడే లేవండి."