మీసం కాల్చిన టార్చి

ఫార్చునా,
ఆగస్టు 12

చెల్లి లొరీన్‌కు అక్క ఆర్డిత్ దీవించి రాయునది.

నీ మోకాలు ఎలా ఉంది? గార్త్ మరిది గుండె దడ తగ్గిందా? మీ కుక్క బిస్కట్ నాలుగు కాళ్ళ మీదా నడుస్తోందా, ఇంకా మూడేనా? మీ కొండ మీద పొగ వాసన వస్తోందా? వస్తే ఆలోచించకుండా బండెక్కెయ్. నేను బాగానే ఉన్నాను. ఆకలి లేదు, నిద్ర లేదు, అంతే.

హోలిస్ బావ సంగతి రాస్తున్నాను. చదివాక ఈ కాగితం పొయ్యిలో వేసెయ్. వద్దులే, నిప్పురవ్వ ఎగిరితే కొండంతా అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి పారెయ్.

ఆయన తుంటి నొప్పి బాగా ముదిరింది. డాక్టరిచ్చిన మాత్రలు కడుపులో ఇమడటం లేదు. అందుకని రెండు నెలలుగా, నవ్వకు, గంజాయి మైనం పీలుస్తున్నాడు. డిప్యూటీ షెరీఫ్‌గా పోలీసు కొలువులో పాతికేళ్ళు ఈ జిల్లా అంతా గంజాయి మొక్కలు పీకిన మనిషి! నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టోపీ ముక్కు దాకా లాక్కుని, యురేకాలో లైసెన్సుతో అమ్మే కొట్టుకి వెళ్ళి తెచ్చుకుంటున్నాడు. అది పీలిస్తేనే నడుం వాల్చగలుగుతున్నాడు, మేజోళ్ళు సొంతంగా తొడుక్కుంటున్నాడు.

మైనంతో గొడవ లేదు. అది ఆవిరి కావాలంటే, వేసే గాజు గిన్నెని ముందు ఎర్రగా కాల్చాలట. దానికి ఈయన గొట్టాలు అతికే, మంట చిమ్మే పెద్ద గ్యాస్ టార్చి షెడ్డులోంచి తెచ్చాడు. చేతులేమో వణుకుతాయి. మొన్న ఎడమవైపు మీసం పోయింది. "ఇంకోవైపు ఉందిగా!" అన్నాడు. నిన్న కిటికీ తెర అంటుకుంది. రేపు ఇల్లే. ఆయన అది వెలిగించినప్పుడల్లా నేను నీళ్ళ బకెట్ పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను.

చిన్న బ్యూటేన్ టార్చి ఒకటి చూసి పంపు. ఇక్కడ కొంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఏది మంచిదో గార్త్‌ని అడుగు, గంజాయి పండించేవాడికి తెలియకుండా ఉండదు. కానీ ఎవరికోసమో చెప్పకు! ముప్ఫై నాలుగేళ్ళ కిందట గార్త్ తోటలో హెలికాప్టర్ దింపి మొక్కలన్నీ పీకించింది మీ బావే కదా. ఆనాటి నుంచి ఎవరి మొగుడు ఫోనెత్తినా పెట్టేస్తున్నాడనేగా మనమిలా ఉత్తరాలు రాసుకుంటున్నాం. తోడల్లుడికి తెలిసిందంటే హోలిస్ సిగ్గుతో మైనం మానేస్తాడు, ఆ నొప్పితో కుర్చీలోనే మిగిలిపోతాడు. పుడ్డింగు మీద చక్కెర కాల్చడానికని చెప్పు.

నీ అక్క,
ఆర్డిత్

తా.క. మీసం సంగతి ఇంటి బీమా వాళ్ళకి చెప్పాలంటావా?

*

రెడ్‌వే కొండ మీద నుంచి,
ఆగస్టు 20

అక్కా,

మోకాలు నొప్పి, గుండె గట్టి, కుక్కకి నాలుగు కాళ్ళు, పొగ లేదు. నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే సింకులో నానబెట్టాను.

గార్త్‌ని అడిగాను. "మీ అక్కకా పుడ్డింగు టార్చి? గుడ్డు ఉడకబెట్టడానికే మంటలార్పే వాళ్ళకి ఫోన్ చేసే మనిషి!" అన్నాడు. అక్కకి కాదు, నాకే అన్నాను. అయితే చేసి చూపించమన్నాడు. చేశాను. ఇక రోజూ చేస్తున్నాను.

పుడ్డింగుకి పెన్నంత టార్చి చాలన్నాడు. "మరి గాజు గిన్నె ఎర్రబడాలంటే?" అని నోరు జారాను. చెంచా కింద పెట్టి నావైపు చూశాడు. "లొరీన్, నువ్వు పుడ్డింగు చేస్తున్నావా, గుర్రానికి లాడాలు కొడుతున్నావా?"

తర్వాత తానే కూర్చుని విడమరిచి చెప్పాడు. పెన్నులాంటిది వద్దు, గిన్నె కాలేసరికి తెల్లారుతుంది. గొట్టాల వాళ్ళది అసలే వద్దు. ఒంటిచేత్తో పట్టు దొరకాలి, చెయ్యి వణికినా పడిపోకుండా అడుగు వెడల్పుగా ఉండాలి, మీట తనంతట తాను నొక్కుకోకుండా తాళం ఉండాలి, మంట పెంచి తగ్గించే మర ఉండాలి. గిన్నె కాలాక కూడా వెంటనే మైనం వెయ్యకూడదు, నిమిషం చల్లారనివ్వాలి. "మైనం" అనలేదులే, "చక్కెర" అన్నాడు.

అలాంటిదే వెతికి పోస్టులో వేశాను. భయపడకు.

నీ చెల్లి,
లొరీన్

తా.క. నాలుగు రోజుల్లో పద్దెనిమిది గిన్నెల పుడ్డింగు తిన్నాడు. మీ ఆయన తుంటి బాగుపడేలోపు మా ఆయన పొట్ట ప్యాంటు దాటేలా ఉంది.

*

ఫార్చునా,
ఆగస్టు 29

లొరీన్,

నీ క్షేమం తర్వాత అడుగుతాను. టార్చి వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది, బాతు పాదాల్లా అడుగు వెడల్పుగా. కానీ వెలగదు! టిక్కు టిక్కుమంటుంది, అంతే. హోలిస్ అరవై ఒక్కసార్లు నొక్కాడు, నేను లెక్కపెట్టాను. అరవై ఒక్కసార్లూ బకెట్ ఎత్తి పట్టుకున్నాను, భుజం పడిపోయింది.

ఎక్కడిదని నిలదీశాడు. నాకు అబద్ధం చెప్పడం రాదు కదా, నువ్వు పంపావని చెప్పి ఏడ్చేశాను. "గార్త్ గాడి పనే! తెలుసుకుని కావాలనే డొల్లది పంపాడు. ఆనాటి మొక్కలకి ఇది జవాబు" అన్నాడు. మైనం డబ్బా బీరువా మీదకి విసిరేసి, పెద్ద టార్చి షెడ్డులో పడేశాడు. మూడు రోజులైంది. కుర్చీలోంచి లేవడం లేదు. మేజోళ్ళు నేనే తొడుగుతున్నాను, తొడిగేటప్పుడు పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తాడు. నాకు చాలా భయంగా ఉంది చెల్లీ. గార్త్‌కి నిజంగానే తెలుసా?

ఆర్డిత్

తా.క. బకెట్‌లో నీళ్ళు ఇంకా పారబోయలేదు. ఏమో, చెప్పలేం.

*

రెడ్‌వే,
సెప్టెంబరు 4

పిచ్చి అక్కా,

అవి ఖాళీగానే అమ్ముతారు! గ్యాస్ నింపి పోస్టులో వేస్తానంటే ఊరుకుంటారా? పెట్టెలో కాగితం పెట్టాను, భయంతో నువ్వది తీసి కూడా ఉండవు. బ్యూటేన్ డబ్బా విడిగా కొను. ఇంటి బయట, దగ్గర్లో ఏ మంటా లేనిచోట, టార్చిని తలకిందులు చేసి అడుగున ఉన్న కంతలో నింపు. కాసేపు ఆగి వెలిగించు.

ఇక గార్త్ సంగతి. తెలుసు. నీ ఉత్తరం సింకులో నానబెట్టానన్నానా? బాల్‌పెన్ను సిరా చెరగదని నాకేం తెలుసు! పళ్ళు తోముకోవడానికి వెళ్ళి అంతా చదివేశాడట. అదీ మొదటి రోజే! మీసం దగ్గర నేలమీద కూలబడి నవ్వాడట. మేజోళ్ళ దగ్గర ఆగిపోయిందట నవ్వు. అన్నీ తెలిసే పద్దెనిమిది గిన్నెలూ తిన్నాడు దొంగ. అన్నీ తెలిసే, వణికే చేతికి పనికొచ్చేది ఎంచాడు.

నిన్న నీ రెండో ఉత్తరం నేనే చదివి వినిపించాను. అంతా విన్నాడు. తర్వాత ఒకటే అన్నాడు: "ఆ మైనం డబ్బా మూత తిప్పి, చిన్న అక్షరాలు హోలిస్ చేత చదివించమను." ఎందుకని అడిగితే పుడ్డింగు కావాలన్నాడు.

లొరీన్

తా.క. బకెట్ పారబొయ్యి. దోమలు చేరతాయి.

*

ఫార్చునా,
సెప్టెంబరు 10

చెల్లి లొరీన్‌కు, గార్త్ మరిదికి, బిస్కట్‌కు ఆర్డిత్ రాయునది.

పెరట్లో ఒక చేత్తో తోటకి నీళ్ళు పెట్టే గొట్టం పట్టుకుని రెండో చేత్తో గ్యాస్ నింపాను. వెలిగింది! సన్నగా, నీలంగా, బుద్ధిగా.

అప్పుడు కుర్చీ ఎక్కి, బీరువా మీంచి డబ్బా దింపి, భూతద్దం హోలిస్ చేతికిచ్చాను. ఆ మూత మీద ఎన్ని మిల్లీగ్రాములో తప్ప ఇంకేదీ ఆయన ఎన్నడూ చదవలేదు. గట్టిగా కూడబలుక్కుని చదివాడు: "పండించినది, గార్త్ హెండ్రీ, ఎలుగు వాగు తోట."

ఆనాడు హెలికాప్టర్ దిగిన చోటే కదా లొరీన్! యురేకా కొట్టుకి మైనం పంపేది గార్తేనని నువ్వైనా చెప్పలేదే!

భూతద్దం తుడుచుకుని మళ్ళీ చదివాడు. "ఆర్డిత్, ఇన్నాళ్ళూ నేను వాడి మొక్కతోనా నిద్రపోయింది?" అన్నాడు. అలాగే కనిపిస్తోందన్నాను. "రెండు వందల పన్నెండు పీకాను. మళ్ళీ నాటుకున్నాడన్నమాట" అన్నాడు. మిగిలిన సగం మీసం కింద నవ్వు కనిపించింది. ఆ సాయంత్రం చల్లారడానికి నిమిషం లెక్కపెట్టింది నేనే. తెల్లారి మేజోళ్ళు తానే తొడుక్కున్నాడు.

మేమే వస్తున్నాం. దారిలో జింకలు అడ్డొస్తాయి, బ్రేకులు చూపించుకోవాలి. అయినా వస్తాం. పుడ్డింగు అంతా తినెయ్యొద్దని గార్త్‌కి చెప్పు.

నీ అక్క,
ఆర్డిత్

తా.క. హోలిస్ చెప్పమన్న మాట ఇది: "అప్పుడు పిలవకుండా పైనుంచి దిగాను. ఈసారి గేటు బయట ఆగి హారన్ కొడతాను. తియ్యడం, తియ్యకపోవడం వాడిష్టం." సెప్టెంబరు 22, ఆదివారం, మధ్యాహ్న భోజనానికి.