వంటగది గోడ

అయ్యగారికి వందనాలు.

కట్టాల్సిన పనేదీ మిగల్లేదు కనుక ఈ ఏడు మీ దేశం నుంచి సేవకు ఎవరినీ పంపడం లేదని రాశారు. మనవి ఏమనగా, నిరుడు మీవాళ్లు వచ్చి కట్టిన మా హాస్టలు వంటగది గోడ సోమవారం పడిపోయింది. గాలీ లేదు, వానా లేదు. ఇటుక ఒక్కటీ పగల్లేదు. సిమెంటు గీకి, వరసగా పేర్చి ఉంచాం. అంత గట్టి గోడ ఎలా పడిందని మా తాపీమేస్త్రిని మాత్రం అడగకండి. అతనికి అబద్ధమాడటం రాదు.

మీవాళ్లు వచ్చేటప్పుడు ఆ కంటి డాక్టరు గారినీ తప్పక వెంటబెట్టుకు రమ్మనండి. నిరుడు ఆయన మేస్త్రి కుడికంటికి ఆపరేషను చేసి, “ఎడమది వచ్చే ఏడు చేద్దాం” అన్నారు.

“పడగొట్టడానికి ఒక కన్ను సరిపోయింది గానీ, కట్టడానికి రెండూ కావాలమ్మా” అంటున్నాడు మేస్త్రి.

ఇట్లు,
హాస్టలు వార్డెను