పసుపు కడిగిన కళ్ళు

ఢిల్లీ

బాపుకు, అవ్వకు,

మీ బిడ్డ రమ్య ఇద్దరికీ దండం పెట్టి రాస్తున్నది. నేను మంచిగానే ఉన్నాను. మీరు కూడా మంచిగుండాలని రోజూ లేవగానే అనుకుంటాను. బాపూ, నీ దగ్గు తగ్గిందా? గ్రానైట్ కోసే చోట మూతికి రుమాలు కట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పాను? కట్టుకోవని నాకు తెలుసు. అవ్వను మోకాళ్ళ నొప్పులకు కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయావా? ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆ, ఆ, మంచిదే" అని అవ్వ చేతికిచ్చి లేచిపోతావు. ఇప్పుడు చెప్పేది అట్లా సగం విని వదిలేసే సంగతి కాదు. ముందు కూర్చో. కూర్చున్నాక చదువు.

ఇక్కడ చలి బాగా ముదిరింది. అవ్వ కట్టిచ్చిన బొంతను చూసి హాస్టల్లో అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్ళే "జర జరుగు" అంటూ అందులోకి దూరుతున్నారు. పొద్దునా రాత్రీ గోధుమ రొట్టె తిని తిని నాలుక చచ్చిపోయింది. నా గదిలో ఉండే సరిత కాగజ్‌నగర్ పిల్ల అని చెప్పాను కదా, నర్సింగ్ చదువుతోంది. వాళ్ళ నాయన వచ్చే నెల ఇక్కడికి వస్తున్నాడు. ఆయన చేతికి పుంటికూర తొక్కు, ఎల్లిగడ్డ కారం పంపండి. నా గురించి ఫికర్ పెట్టుకోకండి. తింటున్నాను, పండుకుంటున్నాను, చదువుకుంటున్నాను.

మా సారు మమ్మల్ని మ్యూజియాలకు, ఆర్టిస్టుల స్టూడియోలకు తిప్పుతున్నారు. ఒక ఆర్టిస్టు, అవ్వ వయసే ఉంటుంది, చీకటి గదిలో నది పారించింది. నీళ్ళు కావు బాపూ, వెలుతురు. గోడల మీదా నేల మీదా పారుతుంది. మనం అడుగేస్తే అలలు పక్కకు జరుగుతాయి. ఆ రోజు సెలవని నాతో వచ్చిన సరిత తడుస్తాయని చెప్పులు విప్పి చేతబట్టుకుంది. నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు. పెట్రోమాక్స్ వెలుగులో మన బొమ్మల బట్టను, మన పటాన్ని, మూరెడు మూరెడు విప్పుతూ, కర్రతో బొమ్మలు చూపిస్తూ నువ్వు కథ చెబుతుంటే, బోథ్ నుంచి మన కరీంనగర్ దాకా జనం అట్లాగే బొమ్మల్లోకి నడిచిపోయేవాళ్ళు. కంప్యూటర్ మీద బొమ్మలు కదిలించడం నేర్చుకుందామని ఇంత దూరం వచ్చి, చివరికి మా బాపు పనే చేయాలనుకుంటున్నానా అని నవ్వొచ్చింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

పోయిన ఆదివారం సరితా నేనూ ఇంకో మ్యూజియానికి పోయాం. పై అంతస్తులో మలుపు తిరిగాను. ఎదురుగా అద్దం వెనక మన పటం ఉంది. మన పటం లాంటిది కాదు. మనదే. ఎలుక కొరికిన గుర్రం బొమ్మ కాలి వెనక అవ్వ తన ఆకుపచ్చ చీర ముక్క పెట్టి కుట్టింది కదా, ఆ కుట్టు అట్లాగే ఉంది.

"ఏందే, గట్ల నిలవడ్డవ్? మొకమంత తెల్లగైంది," అంది సరిత.

"గిది మా పటమే."

"మీ ఇంట్ల పటం ఢిల్లీకెట్ల అస్తదే? జర సక్కగ జూడు."

చక్కగానే చూశాను. చూసినకొద్దీ భయమేసింది. నువ్వు ఆ పటాన్ని గోదావరికిచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. పసుపు ముద్ద కలిపి పటంలోని తల్లి కళ్ళకు, ఆమె కొడుకు రాజు కళ్ళకు, చివరికి గుర్రం కళ్ళకు కూడా పూశావు. "కండ్లు మూసినంక ఇగ కథ అడగది బిడ్డా," అన్నావు. తెల్లబట్ట చుట్టి, ఇంట్లో పెద్దమనిషి పోయినట్టే ఏడ్చి, ధర్మపురి దగ్గర నీళ్ళలో వదిలావు. పటం పాతబడితే గోదావరికిచ్చి కొత్తది రాయించుకోవడం మన ఆనవాయితీ. నువ్వు కొత్తది రాయించలేదు. ఎందుకని అడిగితే, "నాకు కొడుకు లేకపాయె. కథ నాతోనే ఒడిసె," అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు.

అట్లా కళ్ళు మూసి సాగనంపిన పటం అద్దం వెనక కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఏ కంటికీ పసుపు లేదు.

అక్కడ పాత పటాలను బాగుచేసే మేడం నేను కదలకుండా నిలబడడం చూసి దగ్గరికి వచ్చింది. మంచి మనిషి. నాకు నచ్చిందనుకొని సంబరంగా చెప్పుకొచ్చింది. పటం జాలరి వలకు చిక్కిందట. చేతులు మారి మారి వీళ్ళ దగ్గరికి చేరిందట. "బురద సులభంగానే పోయింది. కానీ ముఖాల మీద పచ్చటి మరక ఉండేది. దూది చుట్టిన పుల్లలతో ఒక్కో కన్నూ తుడిచాం. నెలలు పట్టింది," అంది.

"అది మరక కాదు మేడం," అన్నాను. అదేమిటో, ఎవరు పూశారో, ఎందుకు పూశారో చెప్పాను. ఆమె అక్కడున్న బల్ల మీద కూలబడింది. "అడుగుదామంటే ఎవరి పేరూ దొరకలేదమ్మా," అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

బాపూ, ఇక ఇది చదివి తిట్టాలనిపిస్తే తిట్టు. "కండ్లు దెరిసిన పటం ముంగట కథ జెప్పకుంటే దాన్ని ఉపాసముంచినట్టే," అని నువ్వే అనేవాడివి. ఇన్నాళ్ళుగా అది అద్దంలో ఉపవాసం ఉంది. మనింట్లో ఆడపిల్లలు కథ చెప్పరని నాకు తెలుసు. కానీ దాన్ని అట్లా వదిలి ఎట్లా రాను? చెప్పులు విడిచాను. కర్ర లేదు, చేతిలో పెన్సిలుంది. దాంతోనే తల్లిని చూపించి, నీ రాగంలోనే ఎత్తుకున్నాను. సరిత పక్కన నిలబడి "ఆఁ... గట్లనా!" అని వంత పాడింది. దానికి ఎవరు నేర్పారో! జనం మూగారు. గార్డు వద్దంటూ వస్తే మేడం ఆపింది. ఒకరిద్దరు ఫోన్లలో తీశారు. ఎవరి ఫోన్లోనో చూసి నువ్వు గుండె పట్టుకోకూడదనే ఈ ఉత్తరం.

తల్లి కొడుకును దీవించడం చెప్పాను. రాజు గుర్రమెక్కడం చెప్పాను. గుర్రం నదిలో దిగడం చెప్పాను. ఆ కింద బొమ్మ లేదు బాపూ. గోదావరి రంగంతా కడిగేసింది, ఉత్త బట్ట మిగిలింది. నాకూ అక్కడి నుంచి కథ తెలియదు. చిన్నప్పుడు ఎప్పుడూ గుర్రం నీళ్ళలో దిగేసరికే అవ్వ ఒళ్ళో నిద్రపోయేదాన్ని. పెన్సిలు ఉత్త బట్ట మీద పెట్టి మూగదానిలా నిలబడిపోయాను. అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

నువ్వు ఎట్లా చెబితే అట్లా చేస్తామంది మేడం. మళ్ళీ కళ్ళు మూయమంటే, నా చేతులతో నేనే పసుపు పూస్తాను, ఏడ్చి వస్తాను. లేదు, కథ కావాలంటే, వచ్చి చెప్పు. రాలేకపోతే నాకు నేర్పు. ఉత్త బట్ట మీద వెలుతురుతో బొమ్మలు నేను వేస్తాను, అది నాకు వచ్చు. కథే రాదు. నాకు నేర్చుకోవాలని ఉందని నోరు తెరిచి అడుగుతున్నాను బాపూ. కొడుకు లేడని ఇంకోసారి అనకు.

అవ్వా, నువ్వు ఏడవకు. నీ కుట్టు ఒక్క పోగు కూడా ఊడలేదు. మన వాడకట్టులో పెద్దలందరికీ నా దండాలు చెప్పండి. నేను మంచిగానే ఉన్నాను. కానీ ఆ రోజు నుంచి కళ్ళు మూస్తే గుర్రం నడినీళ్ళలో నిలబడి కనిపిస్తోంది.

అవతలి ఒడ్డు ఎక్కిందా బాపూ?

మీ ఇద్దరి దీవెన కోసం చూసే
మీ బిడ్డ
రమ్య