తియ్యమిరప గంపలో కారం

సాంతుర్సే,
మంగళవారం.

అమ్మకు,

ముందు నీ దీవెన అడిగి, తర్వాతే మిగతా మాటలు. ఇక్కడ నేనూ పిల్లలూ కులాసాగానే ఉన్నాం. కులాసాగా లేనిదల్లా నా పొయ్యి మీది కుండ ఒక్కటే. నువ్వు అక్కడ కొండ మీద చలికి శాలువా కప్పుకుంటున్నావో, కప్పుకోమన్న వాళ్ల మీద విసుక్కుంటున్నావో రాయి.

ఆదివారం నేను రాకముందు నువ్వు రాసిన ఉత్తరం నిన్ననే చేతికందింది. అందులో నా మోకాలి సంగతి అడిగావు, వాపు తగ్గింది. చిన్నదానికి పన్ను ఊడిందా అని అడిగావు, ఊడింది, దాన్ని ఎక్కడో దాచి నాకు చూపించనంటోంది. ఇక నువ్వు అసలు అడిగినవి రెండు. నువ్వు పంపే తియ్యమిరపకాయల సంచిని దారిలో ఎవరైనా మారుస్తున్నారా అన్నది ఒకటి. తమ్ముడి భార్యను పుట్టింటికి పంపేయడం మంచిదే కదా అన్నది రెండోది. రెండింటికీ జవాబు రాస్తాను. సగం చదివి కాగితం మడిచి జేబులో పెట్టేసుకోకు, నీ సంగతి నాకు తెలుసు.

మొదట, మన కొండ నుంచి జనాన్నీ నీ సంచినీ ఇక్కడికి తెచ్చే కారు చాగోను పట్టుకున్నాను. పోయిన వారం మార్కెట్ ముందు జనం దిగుతుంటే నేను అరటిగెలల వెనక నిలబడి చాలాసేపు అతణ్ణే చూశాను. ఎవరితో మాట్లాడుతున్నాడు, సంచి ఎక్కడ పెడుతున్నాడు, అన్నీ గమనించాను. చివరికి నిలదీశాను.

"ఏం చాగో, దారిలో మా అమ్మ సంచి విప్పుతున్నావా?"

"మీ అమ్మగారు కుట్టిన మూతిని విప్పాలంటే పెద్దాసుపత్రి డాక్టరు రావాలక్కా. అయినా నాకెందుకు మిరపకాయలు? నాకు పెళ్లామా, పొయ్యా?"

నవ్వేవాడిని నమ్మకూడదని సంచి మూతి దీపం కిందికి తీసుకెళ్లి చూశాను. నీ నీలం దారమే, నీ ముడులే. విప్పి మళ్లీ కుట్టిన గుర్తు ఎక్కడా లేదు. అంటే కారం కాయలు సంచిలోకి వచ్చింది మన ఇంటి దగ్గరే.

బాప్తిజం విందు గురించి ఇంతకుముందు సగమే రాశాను. పచ్చి కందిగింజల అన్నం వండాను కదా, నీ కాయలు, కొత్తిమీర వాసనేసే రెకావో ఆకు, వెల్లుల్లి, ఉల్లి దంచి నూనెలో వేయించి, ఎప్పటిలాగే. పిల్లాడి జ్ఞానతండ్రి దోన్ నికానోర్ మొదటి ముద్ద పెట్టుకున్నాడు. ముఖం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. నీళ్లు, బీరు, పక్కవాడి గ్లాసు, అన్నీ తాగేశాడు. "మిర్తా, పిల్లాడికి స్వర్గం తలుపు తెరిచే రోజున నన్ను నరకానికి పంపుతావా తల్లీ!" అన్నాడు. పిల్లలు ఏడుపు. అప్పటి నుంచి నా భోజనాల కొట్టుకు వచ్చేవాళ్లు భోజనం చేయడం మానేసి విచారణ చేస్తున్నారు. ఒక్క మెతుకు నాలుక చివర పెట్టుకుని నా ముఖం వంక చూస్తారు. ఎదుటి కొట్టులో జనం పెరిగారు.

అప్పుడే నువ్వు రాశావు, ఇది నీ కోడలు నెరెయిదా పనేనని. కంచె పక్కన ఆమె పెంచుకుంటున్న కారం చెట్టు ఉంది కదా, వెనిగర్ సీసాలో వేసుకోవడానికి. చూడటానికి అవీ మన తియ్యకాయల్లాగే బుజ్జి టోపీల్లా ఉంటాయి. కావాలనే కలుపుతోంది, నీ పేరు చెడగొట్టి వంటిల్లు చేజిక్కించుకోవాలని చూస్తోంది అన్నావు. నేనూ నమ్మాను. ఏమడిగినా తల వంచుకుని ఊరుకునే మనిషి కదా, నోరు విప్పని వాళ్లను అనుమానించడం ఎంత తేలికో. నువ్వు ఆమెను వంటింట్లోకి, కాయల గంప దగ్గరికి రావద్దన్నావు. మంచి పని చేశావని రాశాను కూడా.

అయితే అమ్మా, ఆమెను దూరం పెట్టాక కారం తగ్గాలి కదా. పెరిగింది. అప్పటిదాకా సంచిలో ఎక్కడో ఒకటి తగిలేది. ఇప్పుడు దోసిలి పడితే దోసిలిలో ఉంటోంది. ఇది నాకు ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. నువ్వు నిద్రపోయాక వచ్చి కలుపుతోందేమో అని కూడా అనుకున్నాను.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి చెబుతాను. మొన్న ఆదివారం నేను నిన్ను చూడటానికి వచ్చానన్నది అబద్ధం. నెరెయిదాను పట్టుకోవడానికి వచ్చాను. ఇక్కడి మార్కెట్లో మంటలాంటి కారం కాయలు కొన్ని ఏరి కొని, నువ్వు కాఫీ కాచడానికి లోపలికి వెళ్లినప్పుడు వసారాలో కాయల కుప్పలో కలిపేశాను. ఆమెను కూడా ఏరడానికి కూర్చోబెట్టమన్నది అందుకే. ఆమె వాటిని గుర్తుపట్టి మంచి గంపలో వేస్తే దొరికిపోతుంది కదా.

"సరే, నువ్వున్నావు గనక కూర్చోనీ. నీ కళ్లు మాత్రం దాని చేతుల మీదే పెట్టు" అని నా చెవిలో అన్నావు గుర్తుందా?

అలాగే పెట్టాను. అందుకే నీ చేతులు చూడటం కొంచెంలో తప్పిపోయేది. నేను కలిపిన కాయ ఒకటి నీ చేతికి వచ్చింది. ఎప్పటిలాగే తొడిమ దగ్గర గోటితో గిల్లావు. ముక్కు దగ్గర పెట్టుకున్నావు. కళ్లు మూసుకున్నావు. "ఇదీ మన కాయంటే! చూడవే మిర్తా, ఎంత కమ్మగా ఉందో!" అని మంచి గంపలో వేశావు. ఎదురుగా కూర్చున్న నాకే ఆ పచ్చి ఘాటు గొంతులో తగిలింది.

నెరెయిదా ఆకు తీసినట్టు చేయి చాపి ఆ కాయ తీసి గౌను జేబులో వేసుకుంది. అదే నీ కంట పడింది. "దొంగ! నా కూతురి ముందే నా కాయలు దొంగిలిస్తావే! శనివారం నీ సామాను చాగో కారెక్కుతుంది!" అని అరిచావు. తమ్ముడు తల దించుకున్నాడు. నేను నోరు విప్పలేదు, ఎందుకంటే విప్పితే చెప్పాల్సింది నీ గురించి.

పెరట్లో బట్టలుతికే చోట ఆమెను అడిగాను. జేబు తిరగేసింది. అన్నీ కారం కాయలే. నేను కలిపినవే కాదు, మన మొక్కలకు కాసినవి కూడా. పక్కన కారం చెట్టు ఉంటే పుప్పొడి కలిసి, ఆ గింజలు నాటితే కొన్ని మొక్కలు అలా పుడతాయి. ఏటా పుడుతూనే ఉన్నాయి. నీ ముక్కే వాటిని ఏరి పారేసేది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"వానల్లో అత్తయ్యకు జ్వరమొచ్చిందే, అప్పట్నుంచి వదినా. కాఫీ మాడినా తెలీట్లేదు. ఆవిడ ఏరాక నేను మళ్లీ చాటుగా ఏరేదాన్ని. ఒకటీ అరా తప్పిపోయేవి. ఇప్పుడు దగ్గరికే రానీట్లేదుగా."

"మరి చెప్పవేం? దొంగవి అనిపించుకుని వెళ్లిపోతావా?"

"ఊరంతా కాయలు తెచ్చి ఆవిడ ముక్కు కింద పెడతారు వదినా. అది పోయిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేరు. నేను మళ్లీ ఎప్పుడైనా రావచ్చులెండి. మీరు మాత్రం చెప్పకండి."

చెప్పనని మాట ఇచ్చాను. ఇప్పుడు ఆ మాట తప్పుతున్నాను. నాకు నీ మీద కోపం లేదమ్మా, భయంగా ఉంది, జాలిగా ఉంది. నీ ముక్కు మీద నీకే అనుమానం వచ్చింది, అది ఒప్పుకోలేకే చాగోనీ, చివరికి కోడలినీ అనుమానిస్తున్నావని నా నమ్మకం. క్రిస్మస్ పండగ లోపల నిన్ను డాక్టరుకు చూపిస్తాను. రానంటే మోసుకెళతాను.

ఈ ఉత్తరం చాగో చేతికే ఇస్తున్నాను. శుక్రవారం నీకు అందుతుంది. అందగానే నెరెయిదాను వసారాలోకి పిలిచి నీ పక్కన కూర్చోబెట్టుకో. కాయ నువ్వు గిల్లు, వాసన ఆమెను చూడమను. తియ్యనిదంటే గంపలో వెయ్యి, కాదంటే పారెయ్యి. ఆమెకు క్షమాపణ చెప్పడం నీకు రాకపోతే ఒక కప్పు కాఫీ పోసి ఇవ్వు, ఆమె అర్థం చేసుకుంటుంది. నేను మాత్రం నోటితోనే చెప్పుకుంటాను.

శనివారం కారు వచ్చేసరికి నేను మార్కెట్ ముందు నిలబడి ఉంటాను. అందులోంచి సంచి ఒక్కటే దిగాలి. నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. పోయింది వాసన ఒక్కటే అమ్మా, కోడలిని కూడా పోగొట్టుకోకు.

ఇట్లు,
నీ దీవెన కోసం, నీ తిట్ల కోసం కూడా ఎదురుచూసే
నీ పెద్ద కూతురు
మిర్తా.