జోడు నాణేల్లో దొంగ

కామాక్షమ్మ తల్లి పాదాలు తలచుకుని రాసిన మరణశాసనం.

విశాఖపట్నం ఏజెన్సీలో అరకు సంతకు ఆనుకుని కాపురమున్న కంసాలి కీ.శే. లక్కోజు వీరాచారి గారి పెద్ద కూతుర్ని, మాణిక్యమ్మను. వయసు యాభై ఆరు. చిన్నతనంలోనే భర్త పోగా పుట్టింటనే ఉండి, తల్లి లేని తమ్ముళ్లిద్దరినీ పెంచాను. జ్వరం నా ఒంటిని పట్టింది గాని బుద్ధిని పట్టలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి ఉండగానే, నా చేత్తో నేనే రాస్తున్నాను. ఇందులో ఉన్నట్టు జరిపించవలసినవారు సంత దుకాణందారు కోరుకొండ గున్నేశ్వరరావు గారు. తమ్ముడు సింహాద్రాచారి దీన్ని చదివేటప్పుడు వారు పక్కన ఉండాలి.

1. ఇల్లూ కుంపటీ సింహాద్రివే. వాటిలో నాకు హక్కు లేదు, చెప్పేదీ లేదు. నాన్న నా చేతిలో పెట్టి పోయిన చిన్న సుత్తి మాత్రం నాది. దాన్ని సింహాద్రికి ఇస్తున్నాను. పిడి అరిగింది, మార్చవద్దు. అది నాన్న బొటనవేలు అరగదీసిన చోటు.

2. నా రాగి బిందె, దేవుడి పీట మరదలు అసిరమ్మకు. ఆమె నా దీపంలో నూనె కొలిచి పోసేది. ఆ సంగతి ఇక్కడితో సరి. దీపం మాత్రం ఆపవద్దు.

3. నాన్న భూతద్దం మేనకోడలు చిన్నమ్మికి. దానితోపాటు మా ఆట కూడా దానికే చెందాలి. నాన్న ఒకే అచ్చులో కొట్టిన బిళ్లల్లో వేరే అచ్చుది ఒకటి కలిపి మా ముందు పోసేవారు. ఆ వేరుదాని పేరు దొంగ. "సేత్తో తడమకే గుంటా, కంటితో పట్టు" అనేవారు. పట్టినవాళ్లు "దొరికాడు" అని పైకి అనాలి. పోటీ ఎప్పుడూ నాకూ చిన్న తమ్ముడు నూకాచారికీ. సింహాద్రి "అన్నీ ఒకటే కదేటి" అని లేచిపోయేవాడు.

4. నా చీర కొంగున ముడివేసి ఉన్న ఫిలిప్పీన్ నాణెం సంగతి.

ఒక్క కుంపటి ఇద్దరికి చాలక నూకాచారి బీమిలిలో ఓడ ఎక్కాడు. రంగం రేవు మీదుగా మనీలా చేరి, ఒక వెండి పనివాడి దగ్గర కుదిరాడు. అక్కడ అమెరికా వాళ్ల ఏలుబడి. వాళ్ల చిల్లర నాణెం మీద ఒక మనిషి దాగలి దిమ్మ పక్కన సుత్తి పట్టుకుని కూర్చుని ఉంటాడు, వెనక పొగ కక్కే కొండ. "అప్పకి సెప్పు, ఇక్కడ కూడా నాన్నే కూకున్నాడని" అని నాకు కబురు పెట్టాడు.

ఆ కబుర్లు తెచ్చేవాడు బీమిలి ఓడ కళాసీ భీముడు. ఓడ దిగినప్పుడల్లా ఘాటీ దారి ఎక్కి వచ్చి జోడు నాణేలు నా చేతిలో పెట్టేవాడు. రెండూ ఒకే విలువ, ఒకే ఏడు. అచ్చులోనే ఎక్కడో తేడా. ఒకసారి సంవత్సరం పక్కనున్న ఎస్ అక్షరం ఒకదానిలో పెద్దది. ఇంకోసారి ఎస్ మీద ఎస్ పడింది. నేను దొంగను పట్టి భీముడితో జవాబు పంపేదాన్ని. వెండివైతే చూసిన తరవాత సింహాద్రి కరిగించడానికి మూసలో వేసేవాడు. కంసాలి ఇంట వెండి నిలవదు. దానికి నాకు కోపం లేదు.

ఆఖరి జోడు 1918 నాటి ఐదు సెంటావోల నాణేలు, వెండి కానివి. సెంటావో అంటే అక్కడి చిల్లర లెక్క. భీముడు తెచ్చిన కబురు ఇది: "అప్పా, ఈసారి నీ వల్ల కాదు. పట్టినావంటే నానే వచ్చి నీ కాళ్లు మొక్కుతాను."

అప్పుడు నేను సింహాచలం వెళ్లి ఉన్నాను. కొండ దిగి ఇంటికొచ్చేసరికి ఒకటే ఉంది. రెండోదానికి సింహాద్రి కొక్కెం అతికించి, సంతలో ఎవరి పూసల పేరులోనో గుచ్చి ఇచ్చేశాడు. "ఒకటుంది కదప్పా, సూసుకో" అన్నాడు. ఒంటి నాణెంలో దొంగను ఎలా పట్టను? భీముడు జవాబు లేకుండానే ఓడెక్కాడు.

మళ్లీ వచ్చినప్పుడు అతని చేతిలో ఏమీ లేదు. నూకాచారి జ్వరంతో మనీలాలోనే పోయాడు. మంచం మీద "అప్ప ఏటంది?" అని అడిగేవాడట. భీముడు ఏం చెప్పాడో నేను అడగలేదు.

కిందటి మాఘంలో చింతపండు అమ్మవచ్చిన కొండదొర తెగ సోములమ్మ మెడలో ఆ రెండోది కనబడింది. నాణెం వెనక గద్ద కింద డాలు బొమ్మ సన్నం, దాని కింద సంవత్సరం అంకెలు చిన్నవి. నా దగ్గరున్నదానికి డాలు వెడల్పు. మునుపు నేను చూసిన ఇరవై సెంటావోల వెండి నాణేనికి కొట్టే అచ్చు ఈ ఐదుదాని వెనక పడింది. ముందు నాన్న ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు, వీపు మాత్రం వేరొకరిది. సంత మధ్యలో 'దొరికాడు' అందామని నోరు తెరిచాను. ఎవరికి చెప్పాలో తెలియక మూశాను.

సోములమ్మ మెడలోని పూసల పేరు మీద చెయ్యి వేసుకుని, "మా ముసిలోడు ఏసినాడమ్మా. ఇది ఊడదీసినానంటే అప్పుడు నిజింగా పోయినట్టు" అంది. ఇక దాన్ని ఇమ్మని అడగలేదు.

సింహాద్రీ, నీకు ఈ మాట చెప్పలేదు. చెబితే ఏదో ఒకటిచ్చి దాన్ని ఆమె మెడలోంచి తెచ్చేవాడివి. తేవద్దు. నా నాణెం సోములమ్మకు ఇస్తున్నాను. దీనికి నువ్వే కొక్కెం అతికించి, దాని పక్కనే గుచ్చు. టంకం అంచుకే పెట్టు, డాలు మీద పడనీయకు. కూలి తీసుకోకు.

గుచ్చేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఈసారి లేచిపోకు. కనబడేదాకా చూడు. కనబడ్డాక నా బదులు ఆ మాట పైకి అను. గట్టిగా అను నాయనా, వాడు దూరంలో ఉన్నాడు.

అక్షయ నామ సంవత్సరం, కార్తీక పౌర్ణమి, శుక్రవారం.
1926 నవంబరు 19.

లక్కోజు మాణిక్యమ్మ, చేవ్రాలు

సాక్షులు:
కోరుకొండ గున్నేశ్వరరావు, చేవ్రాలు
గాసి, అరకు సంత కాపలాదారు, వేలిముద్ర