పదిహేనో మడి

జూన్ 12

ప్రియమైన అక్కకు,

ఇక్కడ క్షేమం. బావ మోకాలు ఎలా ఉందో రాయి.

మా పరిశోధన కేంద్రం జీపులో నీకు రెండు కిలోల జొన్న విత్తనం వస్తుంది. దాని పేరు ఇరవై రెండు. ఆ నంబరు మడిలో పెరిగింది కాబట్టి అదే పేరు. ఇది మా శాస్త్రవేత్త డాక్టరమ్మ తొమ్మిదేళ్ల పని. ఇరవై నాలుగు రకాలతో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ తీసేస్తూ చివరికి దీన్ని ఉంచారు. మూడేళ్ల క్రితం వాన మొహం చాటేసినప్పుడు ఇందులో నూటికి ఎనభై ఒక్క మొక్కలు బతికాయి. ఆ మొక్కలు లెక్కపెట్టి పుస్తకంలో రాసింది నేనే. అక్టోబరు పన్నెండున కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు సరేనంటే వచ్చే ఏడు రైతులందరికీ ఇస్తారు. ఈలోగా పదిమంది పొలాల్లో వేసి చూడాలి. అందులో నీ పేరు నేనే చెప్పాను.

పొగుడుకోవడం కాదు గానీ ఒకటి రాస్తాను. మొన్న ఎవరో పెద్ద అధికారి వచ్చి, అంకెలు సరిచూశారా అని అడిగితే డాక్టరమ్మ నన్ను చూపించి, ఆయన చేతిరాత ఉంటే నేను మళ్ళీ చూడనండీ అన్నారు. కాలవల పనికి, మళ్ళకు నీళ్లు కట్టడానికి చేరినవాణ్ణి. బడికి వెళ్ళింది రెండేళ్లు. నీతో తప్ప ఎవరితోనూ ఈ మాట అనలేదు.

దీన్ని మంచి పొలంలో వెయ్యి. రెండేళ్ల క్రితం, పక్కన పడేసి కోళ్లకు పోస్తున్న వాటిలోంచి పదిహేనో మడి గింజలు నీకు చిన్న మూట తెచ్చిచ్చాను. అవి ఇంకా అటక మీద ఉంటే ఆ రాళ్ల నేల ముక్కలో చల్లెయ్యి. మేతకైనా పనికొస్తాయి. రెండూ కలవనీయకు.

నీ తమ్ముడు

ఆగస్టు 14

ప్రియమైన మా లెక్కలాయనకి,

అక్క ఆశీస్సులు. మీ బావ మోకాలు బాగానే ఉంది, పని చెప్పినప్పుడే నొప్పి.

నీ ఇరవై రెండుని పెళ్లికొడుకులా చూసుకున్నాం. ఇంటి ముందు పొలం, నల్ల మట్టి, రెండుసార్లు దున్నించాను. పదిహేను మూట ఎలుకలు తినగా గుప్పెడు మిగిలింది. దాన్ని నువ్వు చెప్పినట్టే రాళ్ల ముక్కలో చల్లి, అటువైపు చూడనైనా లేదు. నాలుగొందల మొక్కలు మొలిచి ఉంటాయేమో.

వాన చుక్క పడి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. పెళ్లికొడుకు తల వేలాడేశాడు. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి ఆకులు చుట్టుకుపోతున్నాయి, సాయంత్రానికి కూడా విచ్చుకోవడం లేదు. రాళ్ల మధ్య పదిహేను మాత్రం ఏమీ పట్టనట్టు పచ్చగా నిలబడి ఉంది. పక్క పొలం పెద్దాయన వచ్చి చూసి, మీ తమ్ముడు మూటలు తారుమారు చేసి పంపాడేమోనమ్మా అన్నాడు. మా తమ్ముడు పళ్లు తోముకున్న టైము కూడా రాసిపెట్టుకునే మనిషి, ఆ మాట అనకండి అని గట్టిగానే చెప్పాను.

మరి ఇదేమిటో నువ్వే చెప్పు.

నీ అక్క

ఆగస్టు 20

ప్రియమైన అక్కకు,

ఉత్తరం అందింది. మూటలు మారలేదు. వాటిమీద చీటీలు నేనే కట్టాను.

నల్ల మట్టిలో పైన తడి ఉంటే వేరు లోతుకు దిగదు. రాళ్ల సందుల్లో నీళ్లు నిలవ ఉండొచ్చు. తేడా నేలలో ఉంటుంది గానీ విత్తనంలో ఉండదు. అయినా రెండుచోట్లా మోచేతి లోతు తవ్వి, మట్టి పిడికిట్లో నొక్కి చూడు. ముద్ద కడుతుందో రాలిపోతుందో రాయి.

నీ తమ్ముడు

ఆగస్టు 30

ప్రియమైన తమ్ముడికి,

తవ్వించాను. మీ బావే తవ్వాడు, మోకాలి సంగతి మరిచిపోయి. ముందు పొలంలో మట్టి ముద్ద కట్టింది. రాళ్ల ముక్కలో జానెడు కింద బండ తగిలింది, పైనున్న మట్టి పిండిలా రాలిపోయింది. అంటే తడి ఉన్నచోట నీ మంచిది చస్తోంది, తడి లేనిచోట నీ చెడ్డది బతుకుతోంది. చెడ్డదానికి కంకులు కూడా బయటికొచ్చాయి.

నాకు పెద్ద చదువు లేదు. కానీ నీ పుస్తకంలో ఎక్కడో తేడా ఉందిరా. కోప్పడకుండా ఒకసారి వెనక్కి తిరగేసి చూడు.

ఇంకో మాట. గడ్డివామి అయిపోవచ్చింది. పెద్దావు చూడితో ఉంది. ఊళ్లో పచ్చగా ఉన్నది ఆ రాళ్ల ముక్క ఒక్కటే. కోసి వెయ్యమంటావా, ఉంచమంటావా? వెంటనే రాయి.

నీ అక్క

సెప్టెంబరు 21

ప్రియమైన తమ్ముడికి,

మూడు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు పదో రోజుకి ఉత్తరం రాశావు. ఒంట్లో బాగాలేదా? పుస్తకం సంగతి ఎత్తినందుకు అలిగావా? అలిగితే అలిగానని ఒక కార్డు ముక్క రాయకూడదా?

మేత సంగతి అడిగితే నువ్వేమీ చెప్పలేదు. పనికిరానిదని నువ్వే అన్నావు కదా అని పది రోజులుగా రోజుకో మోపు పదిహేను కోసి ఆవుకి వేస్తున్నాను. ఇష్టంగా తింటోంది. దానికి నీ నంబర్లు తెలియవు.

నీ అక్క

సెప్టెంబరు 25

ప్రియమైన అక్కకు,

ఇవాళ పొద్దున్న "పదిహేను కోయవద్దు" అని టెలిగ్రామ్ ఇచ్చాను. ఎందుకో ఇందులో రాస్తున్నాను.

మా మళ్ళు రెండు వరసలు. మొదటి వరస ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పన్నెండు. అక్కడ పాము మలుపు తిరిగినట్టు తిరిగి, రెండో వరస కుడి నుంచి ఎడమకు వస్తుంది. పదమూడు కుడి చివర, ఇరవై నాలుగు ఎడమ చివర. మా గేటు ఎడమవైపు. కాబట్టి రెండో వరసలో నాకెప్పుడూ మొదట తగిలేది ఇరవై నాలుగు. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై రెండు అని కిందికి రాసుకుంటూ పోవడం చేతికి అలవాటు. తల వంచితే మొక్కల్నే చూస్తాను, మడి నంబరు చీటీ చూడను.

సెప్టెంబరు మూడున నీ ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే నా సొంత దినచర్య పుస్తకం తీసి, మూడేళ్ల క్రితం లెక్క పెట్టిన రోజు చూశాను. ఇలా ఉంది: "గేటు బాగుచేస్తున్నారు. పంపుషెడ్డు వైపు నుంచి వెళ్ళాను. రెండో వరస లెక్క అయింది. చెప్పు తెగింది."

పంపుషెడ్డు కుడివైపు. అటునుంచి వెళితే మొదట తగిలేది పదమూడు. నా చెయ్యి ఇరవై నాలుగని రాసింది. మూడో మడి పదిహేను, దాన్ని ఇరవై రెండని రాసింది. ఆ ఎనభై ఒకటి పదిహేనుది. ఇరవై రెండుది పంతొమ్మిది. లెక్కల పుస్తకంలో అంతకుముందు వారం ఆకుల రంగు రాసిన పేజీలో పదిహేను పచ్చగా ఉందనీ, ఇరవై రెండు చుట్టుకుందనీ ఉంది. అదీ నా రాతే. మిగతా మళ్ళన్నీ అప్పటికే ఎండిపోయాయి కాబట్టి ఆ ఒక్క లెక్కే తీర్పు అయింది. పదిహేనుని కోళ్లకు పోశారు. ఇక్కడ ఒక్క గింజ లేదు, స్టోరంతా వెతికాను. ఉన్నది నీ రాళ్ల ముక్కలోనే.

ఇరవై రెండు రోజులుగా ఈ సంగతి నాకు తెలుసు. డాక్టరమ్మ గదికి రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి త్రాసు ముల్లు సరిగ్గా నిలవడం లేదని చెప్పి వచ్చేశాను. రెండోసారి ఆవిడ కమిటీకి పెట్టబోయే కాగితాలు నాకు చూపించి, కొట్టివేత ఒక్కటైనా లేదు చూడండి అని నవ్వారు. నీకు రాస్తే నిజమైపోతుందని రాయలేదు. ఈలోగా నువ్వు కోసేశావు. ఆ తప్పు నీది కాదు, నాది.

ఇప్పుడు చెబితే ఆవిడ తొమ్మిదేళ్లు పోతాయి. నా పుస్తకం పోతుంది. చెప్పకపోతే వచ్చే ఏడు ఎంతమంది మంచి పొలాలు ఎలా ఎండుతాయో నువ్వు చూశావు. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు

సెప్టెంబరు 28

తమ్ముడూ, నాన్నా,

టెలిగ్రామ్ అనగానే మీ బావ చదవకుండానే కూలబడ్డాడు. నువ్వేదో చేసుకున్నావనుకున్నాడు. పోస్టుమాను చదివి వినిపించి, పదిహేనంటే ఎవరమ్మా అని అడిగాడు.

అప్పటికే కొడవలి పట్టుకుని ఉన్నాను. ఆపేశాను. నలభై ఒక్క మొక్కలు మిగిలాయి. గింజ ఇంకా పాల మీద నుంచి ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. పిట్టలు దిగకుండా కంకి కంకికీ పాత గుడ్డ సంచులు కట్టాను. మీ బావ గొడుగు పట్టుకుని అక్కడే కూర్చుంటున్నాడు. ఆవుకి పక్క ఊరి నుంచి గడ్డి తెప్పించాను, దాని సంగతి ఆలోచించకు.

ఏం చెయ్యమంటావని నన్నడిగావు. చెప్పాలని తెలియకపోతే టెలిగ్రామ్ ఎందుకిచ్చావు? నాకు ఆరు పేజీలు రాశావు. ఆవిడ గది నీ బల్లకి ఎన్ని అడుగులు? అదీ కొలిచే ఉంటావు. వెళ్ళు. నోరు రాకపోతే ఆ దినచర్య తీసి ఆవిడ ముందు పెట్టు.

నీ మీద నాకేం కోపం లేదు.

అక్క

అక్టోబరు 4

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం ఒకటో తారీఖున అందింది. రెండో తారీఖు పొద్దున్న వెళ్ళాను.

నువ్వన్నట్టే నోరు రాలేదు. రెండు పుస్తకాలూ తెరిచి బల్ల మీద పెట్టి, వేలితో చూపించాను. డాక్టరమ్మ చదివారు. పెన్సిలు తీసి రెండు వరసలు గీశారు, నంబర్లు వేశారు, రెండో వరస అంకెల్ని తిరగేసి రాశారు. నేను నిలబడే ఉన్నాను. తర్వాత నీ పొలం సంగతి అడిగారు. నల్ల మట్టి, రాళ్లు, బండ, గుడ్డ సంచులు, అన్నీ చెప్పాను. బావ గొడుగు సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

సెప్టెంబరు మూడున అన్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ సొరుగు తాళం తీసి ఒక కాగితం బయటపెట్టారు. మార్చి నెలది. ఎవరికీ చెప్పకుండా ఆవిడే ఇరవై రెండుని తొట్లలో పెంచి, నీళ్లు ఆపి చూశారట. తొమ్మిదో రోజుకే మొక్కలన్నీ వాలిపోయాయి. తొట్టి చిన్నదై ఉంటుంది, మట్టి సరిపడలేదేమో అనుకుని కాగితం లోపల పెట్టేశారట. మళ్ళీ ఆ పరీక్ష చెయ్యలేదు.

"మీది ఇరవై తొమ్మిది రోజులు," అన్నారు. "నాది ఏడు నెలలు. మీ లెక్క తప్పు కాదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎందుకంటే అది తప్పయితే నాకింకేం మిగలదు."

నేను కూర్చున్నాను. ఆవిడ ముందు నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. పదిహేను మిగిలింది కదమ్మా అన్నాను.

కమిటీ నుంచి ఇరవై రెండుని వెనక్కి తీసుకుంటున్నారు. విత్తనం తీసుకున్న మిగతా తొమ్మిదిమందికీ ఉత్తరాలు వెళ్ళాయి, దాన్ని మళ్ళీ వేయవద్దని. పదిహేనుని మొదట్నుంచీ నాలుగైదు చోట్ల వేసి చూడాలి. ఇంకో మూడేళ్లయినా పడుతుంది. ఈ కార్యక్రమం ఆవిడ చేతిలో ఉంచుతారో లేదో పైవాళ్లు తేల్చాలి. నన్ను పుస్తకం నుంచి తప్పించారు. వచ్చే నెల నుంచి మళ్ళీ కాలవల పని. అది నేనే అడిగానని బావకు చెప్పు. అడగకపోయినా అదే జరిగేదని నీకు చెబుతున్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, కానీ ఆఫీసు ఒప్పుకుంది.

గురువారం మేమిద్దరం వస్తున్నాం. కాగితపు సంచులు మేమే తెస్తాం. నలభై ఒక్క కంకులూ ఎండేదాకా కోయవద్దు. ఏ కంకికి ఆ కంకి విడిగా ఉండాలి. బావ గొడుగు అక్కడే ఉండనీ.

చివరగా ఒక సంగతి. విత్తనం వెనక్కి తీసుకుంటున్నామనే కాగితం డాక్టరమ్మ చెబుతుంటే నేను రాశాను. ఆవిడ కింద సంతకం చేసి, పక్కన మీరూ పెట్టండి అన్నారు. ఇన్నేళ్లలో ఆ కేంద్రం పరిశోధన కాగితాల్లో ఎన్ని వేల అంకెలు రాశానో చెప్పలేను, నా పేరు మాత్రం ఎక్కడా లేదు. రాసేవాళ్ల పేర్లు ఉండవు. మొదటిసారి సంతకం పెట్టాను. కొంచెం వంకరగా వచ్చింది.

నీ తమ్ముడు